పరుగు మీద పదిమంది మాటలు

నడక వచ్చిన పిల్లవాడికి పరుగు ఎవరూ నేర్పనక్కరలేదు. అమ్మ చెయ్యి వదిలించుకున్న మరుక్షణం వాడే పరుగెత్తుతాడు. అయితే పరుగును గురించిన మాటలు మాత్రం ఊరంతా కలిసి నేర్పుతుంది. "పరుగెత్తి వచ్చి నీళ్ళు తాగకు!" అంటుంది అమ్మమ్మ. "ఎక్కువ పరుగెత్తితే మోకాళ్ళలో గుజ్జు అరిగిపోతుంది," అంటాడు పక్కింటి మామయ్య. "కాళ్ళ నొప్పులా? కండరాల్లో యాసిడ్ పేరుకుంది," అంటాడు కాలేజీలో చదివే అన్నయ్య. "ఆడపిల్లకు అంత దూరం పరుగెందుకు?" అనేవాళ్ళు అన్ని వీధుల్లోనూ ఉన్నారు.

ఈ మాటల్లో కొన్ని నిజం, కొన్ని సగం నిజం, కొన్ని వట్టివి. ఏది ఏదో తేల్చటం ఎలాగ?

మా ఊరు సింహాచలానికి దగ్గర. అక్కడి హైస్కూలు మైదానంలో రోజూ తెల్లవారుజామున చాలామంది పరుగెత్తుతారు. వాళ్ళలో బడిపిల్లలున్నారు, బ్యాంకు ఉద్యోగి ఒకరున్నారు, ఆస్పత్రి నర్సమ్మలు ఇద్దరున్నారు, పోర్టులో పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకరున్నారు. నాది పరుగు కాదు, నడక. అయితే ఉద్యోగం మానినా బడి అలవాట్లు మానలేదు గనక, అక్కడి వేపచెట్టుకు ఒక చిన్న నల్లబల్ల వేలాడదీశాను. ఆదివారం నాడు పరుగు ముగిశాక, పరుగును గురించి తాము విన్న మాట ఒకటి ఎవరైనా దాని మీద రాయవచ్చు. తరవాత అందరూ గడ్డిలో కూచుని దాన్ని గురించి మాట్లాడతారు.

ఒక ఆదివారం బ్యాంకు ఆయన, "పరుగు ఆరోగ్యానికి మంచిది" అని చక్కని అక్షరాలతో రాశారు. అందరూ ఔనన్నారు, ఇద్దరు ఆవులించారు, సభ ముగిసింది. అందరూ ఒప్పుకునే మాట మీద మాట్లాడటానికి ఏముంటుంది? అదే అనుమానపు మాట ఏదైనా బల్ల మీదికి ఎక్కితే పదిమంది ఒక్కసారే నోళ్ళు తెరుస్తారు.

అలా తెరిచినప్పుడు గలభా కాకుండా రెండు కట్టుబాట్లు పెట్టుకున్నాం. మాట రాసినవాణ్ణి చూసి ఎవరూ నవ్వకూడదు. "అది తప్పు" అనదలచినవాడు, "నీకెలా తెలుసు?" అన్న ప్రశ్నకు తాను ముందు జవాబు చెప్పాలి. మొదటి కట్టుబాటు మరీ ముఖ్యం. పిల్లవాడు తప్పు చెప్పినప్పుడు తరగతి నవ్విందంటే, ఆ పిల్లవాడు ఆ ఏడాది మళ్ళీ నోరు విప్పడు. నేను ఉద్యోగం చేసినంత కాలమూ చూసిన సంగతి ఇది.

మొట్టమొదట పెద్ద చర్చ రేపిన మాట నీళ్ళది. "పరుగెత్తి వచ్చి నీళ్ళు తాగితే గుండె పట్టేస్తుంది" అని పోర్టు పెద్దాయనే రాశారు. ఆయన కుర్రతనంలో పందాలకు తీసుకుపోయిన మాస్టరు గుక్కెడు నీళ్ళు కూడా ముట్టనిచ్చేవాడు కాదట.

ఈ నమ్మకం ఒక్క మనది కాదు. 1904లో అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరంలో ఒలింపిక్ పందాలు జరిగాయి. మారథాన్ అనే దూరపు పరుగును ఆగస్టు 30న, మంచి ఎండలో, దుమ్ము రేగే మట్టిరోడ్ల మీద పెట్టారు. నీళ్ళు తక్కువైతే పరుగెత్తేవాడికి ఏమవుతుందో చూడాలని పందాలు నడిపే జేమ్స్ సలివన్ అనే ఆయనకు కుతూహలం. అందుచేత దారి మొత్తం మీద నీళ్ళు దొరికే చోట్లు ఒకటి రెండుకు మించి లేవు. బయలుదేరినవారు 32 మంది, చివరిదాకా వచ్చినవారు 14 మంది. గెలిచిన థామస్ హిక్స్ దారిలో నీళ్ళడిగితే, వెంట ఉన్నవాళ్ళు తడి స్పాంజితో నోరు తుడిచి, కోడిగుడ్డు తెల్లసొనలో స్ట్రిక్‌నైన్ కలిపి పట్టారు. స్ట్రిక్‌నైన్ అంటే మన ముష్టిగింజల్లో ఉండే విషమే, పిల్లలూ! కొద్దిగా ఇస్తే సత్తువ వస్తుందని ఆ రోజుల్లో నమ్మేవారు. హిక్స్ తూలుతూ, పక్కవాళ్ళు ఆసరా ఇస్తే గీత దాటాడు. ఆయన బతికి బయటపడటం అదృష్టం.

ఈ కథ విని బ్యాంకు ఆయన ఉత్సాహపడ్డారు. "చూశారా! ఎంత తాగితే అంత మంచిదన్నమాట. దాహం వెయ్యకముందే తాగుతూ ఉండాలి," అన్నారు. అప్పుడు పెద్ద నర్సమ్మ లేచింది. "చారులో నీళ్ళు ఎక్కువ పోస్తే ఏమవుతుంది?" అని పిల్లల్ని అడిగింది. "చప్పబడుతుంది," అన్నారు పిల్లలు. "రక్తమూ అంతే. చెమటలో ఉప్పు పోతుంది. పైనుంచి బిందెడు నీళ్ళు పోస్తే మిగిలిన ఉప్పు మరీ పలచబడుతుంది. అప్పుడు తల తిరుగుతుంది, వాంతులవుతాయి, మెదడు వాస్తుంది, ప్రాణం మీదికి కూడా వస్తుంది," అంది.

ఆమె మాట ఉత్తది కాదు. 2002లో అమెరికాలోని బోస్టన్ మారథాన్ ముగించిన 488 మంది రక్తాన్ని డాక్టర్లు పరీక్షించారు. నూటికి 13 మందిలో ఉప్పు ఉండవలసిన దానికన్నా తగ్గిపోయి ఉంది. అంత దూరం పరుగెత్తి కూడా బరువు పెరిగినవాళ్ళు, అంటే చెమటగా పోయిన దానికన్నా ఎక్కువ తాగినవాళ్ళు, ఎక్కువ ప్రమాదంలో ఉన్నారని తేలింది.

మరి చెయ్యవలసినదేమిటి? దాహమైతే తాగటం, దాహం తీరాక ఆపటం. మన ఎండల్లో అయితే పరుగే తెల్లవారుజామున పెట్టుకోవటం. పెద్దాయన మాటలో సగం నిజం ఎక్కడుందో కూడా పిల్లలే కనిపెట్టారు. చెంబెడు నీళ్ళు ఒక్క గుక్కలో తాగి వెంటనే పరుగెత్తితే కడుపులో నీళ్ళు గలగలమని ఇబ్బంది పెడతాయి. ఇన్ని విన్నాక కూడా పోర్టు పెద్దాయన పరుగు ముగిసిన అరగంటకు గాని నీళ్ళు ముట్టరు. ఆయన గొంతు ఆయనది.

రెండో మాట రాసినవాడు తొమ్మిదో తరగతి కుర్రాడు. "పరుగెత్తిన మర్నాడు కాళ్ళు నొప్పి పుట్టటానికి కారణం లాక్టిక్ యాసిడ్." ఇది చదువుకున్నవాళ్ళ మాట గనక ఎవరూ ఎదురు చెప్పలేదు. కాని "నీకెలా తెలుసు?" అన్న ప్రశ్న అక్కడే ఉంది గదా! "పుస్తకంలో ఉంది," అన్నాడు వాడు. "ఆ పుస్తకం రాసినాయనకు ఎలా తెలిసింది?" అంది ఒక చిన్నపిల్ల. ఇలాంటి పిల్లలు ప్రతి తరగతికీ ఒకరుంటే మాస్టర్లు నిద్రపోరు.

తేల్చటానికి ఒక ఉపాయం దొరికింది. సింహాచలం కొండకు దాదాపు వెయ్యి మెట్లున్నాయి, బస్సు వెళ్ళే రోడ్డూ ఉంది. ఒక జట్టు మెట్లెక్కి పోయి బస్సులో దిగాలి. రెండో జట్టు బస్సులో ఎక్కి మెట్ల మీదుగా దిగాలి. ఎవరు ఏ జట్టో చీట్లు వేసి తీశాం. ఎందుకంటే, ఎవరి ఇష్టం వాళ్ళదంటే గట్టివాళ్ళందరూ ఎక్కే జట్టులోనూ బద్ధకస్తులందరూ దిగే జట్టులోనూ చేరతారు. అప్పుడు నొప్పి మెట్ల వల్ల వచ్చిందో మనిషి వల్ల వచ్చిందో ఎలా తెలుస్తుంది? చీట్లకు మొహమాటం లేదు.

ఎక్కినవాళ్ళు పైకి చేరేసరికి రొప్పుతున్నారు, చొక్కాలు తడిసి ముద్దయినాయి. దిగినవాళ్ళు కబుర్లు చెప్పుకుంటూ, మధ్యలో అనాసపండు ముక్కలు కొనుక్కు తింటూ వచ్చారు. "మీదేం పని, మాది పని!" అని ఎక్కినవాళ్ళు వాళ్ళను ఏడిపించారు. ఇది ఆదివారం. సోమవారం దిగిన జట్టువాళ్ళ తొడలు పట్టేశాయి. మంగళవారం వాళ్ళు నేల మీద కూచోలేక, కూచుంటే లేవలేక, ఇంటి మెట్లు పక్కవాటంగా దిగారు. ఎక్కిన జట్టువాళ్ళలో చాలామంది ఎప్పటిలాగే పరుగుకు వచ్చారు.

యాసిడే కారణమైతే, రొప్పుతూ రోజుతూ కష్టపడినవాళ్ళకు గదా నొప్పి రావాలి! గట్టిగా పనిచేసే కండరంలో లాక్టేట్ తయారవుతుంది, నిజమే. కాని పని ఆగిన గంటలోపలో, కాస్త అటో ఇటో, అది మామూలు స్థాయికి దిగిపోతుంది. పైగా అది చెత్త కాదు. గుండె, ఇతర కండరాలు దాన్ని కట్టెల్లాగా వాడుకుంటాయి. మర్నాడూ మూడోనాడూ వచ్చే నొప్పికి కారణం వేరు.

బావిలోంచి నీళ్ళు తోడేటప్పుడు గమనించండి. నిండు బొక్కెనను పైకి లాగితే రెక్కలు అలిసిపోతాయి. అదే బరువును మెల్లగా కిందికి వదలాలంటే తాడు చేతుల్లోంచి జారుతూ అరచేతులు కమిలిపోతాయి. మెట్లు దిగేటప్పుడు తొడ కండరాల పని ఇలాంటిదే. శరీరం బరువును ఆపుతూనే అవి సాగవలసి వస్తుంది. అలవాటు లేని కండరం అలా సాగినప్పుడు అందులోని సన్నని పోగులు అక్కడక్కడా చిట్లుతాయి. శరీరం వాటిని బాగుచేసుకునేటప్పుడు కలిగే నొప్పి అది. బాగుచేసుకున్న కండరం మునుపటికన్నా గట్టిపడుతుంది కూడా. మూడు వారాల తరవాత అదే జట్టు మళ్ళీ మెట్లు దిగితే నొప్పి నామమాత్రంగానే ఉంది.

ఈ చీట్ల సంగతి తరవాత మరొక చోట పనికివచ్చింది. "పరుగెత్తితే మోకాళ్ళ గుజ్జు అరిగిపోతుంది" అన్న మాట బల్ల మీదికి రాగానే పెద్దలు రెండు పక్షాలయారు. బండి ఇరుసును చూపించి, తిరిగేకొద్దీ అరగదా అన్నారు ఒకరు. పలుగు పట్టేవాడి అరచేయి అరిగిపోయిందా, కాయకాసి గట్టిపడిందా అన్నారు మరొకరు. రెండూ మంచి ఉపమానాలే. అయితే మోకాలు ఇరుసూ కాదు, అరచేయీ కాదు. అందులో ఎముకల చివర నున్నటి పొర ఒకటి ఉంటుంది. మనం గుజ్జు అనేది దాన్నే. దానిలోకి రక్తనాళాలు పోవు. బరువు పడ్డప్పుడు నొక్కుకుని, తీసినప్పుడు స్పాంజిలాగా కీలులోని ద్రవాన్ని పీల్చుకుని అది ఆహారం తీసుకుంటుంది. బొత్తిగా కదలని మోకాలికి ఆ ఆహారం సరిగా అందదు.

2017లో కొందరు పరిశోధకులు అంతకుముందు జరిగిన అనేక పరిశోధనలను ఒకచోట చేర్చి లెక్కగట్టారు. తుంటిలో గాని మోకాలిలో గాని కీళ్ళు అరిగే జబ్బు, సరదాకు పరుగెత్తేవారిలో నూటికి 3.5 మందికి ఉంది. పరుగెత్తకుండా కూచునేవారిలో నూటికి 10.2 మందికి ఉంది. పందాల కోసం తీవ్రంగా పరుగెత్తేవారిలో 13.3 మందికి ఉంది. ఈ అంకెలు నేను బల్ల మీద రాశాను. సరదాగాళ్ళందరూ చప్పట్లు కొట్టారు.

అప్పుడు ఏడో తరగతి కుర్రాడు ఒకడు చెయ్యెత్తాడు. "మాస్టారూ, వాళ్ళకు చీట్లు వేశారా?"

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. "ఎవరు పరుగెత్తాలో, ఎవరు కూచోవాలో చీట్లు వేసి తీశారా అని. మోకాళ్ళు బాగున్నవాళ్ళే పరుగెత్తుతున్నారేమో! నొప్పి ఉన్నవాళ్ళు ఎప్పుడో మానేసి కూచున్నవాళ్ళ లెక్కలో చేరారేమో!"

చీట్లు వెయ్యలేదు. మనుషుల్ని ఇరవై ఏళ్ళపాటు చీటీ ప్రకారం పరుగెత్తించటం ఎవరి తరం? ఆ అంకెల వల్ల సరదా పరుగు మోకాళ్ళను పాడుచేస్తుందన్న మాట బలహీనపడుతుంది. పరుగు మోకాళ్ళను కాపాడుతుందని మాత్రం అంత గట్టిగా చెప్పలేం. ఆ కుర్రాడికి లెక్కల్లో ఎన్నడూ మంచి మార్కులు రాలేదట. ఈ ప్రశ్నకు మాత్రం నేనైతే నూటికి నూరు వేస్తాను.

కొన్ని మాటలు ఎంత ఇంపుగా ఉంటాయంటే, వాటిని అనుమానించటానికి మనసు రాదు. బ్యాంకు ఆయన ఒకసారి రోజర్ బానిస్టర్ కథ చెప్పారు. 4 నిమిషాలలోపల మైలు పరుగెత్తితే గుండె పగిలి చస్తారని ప్రపంచమంతా నమ్మేదట. 1954 మే 6న ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డులో బానిస్టర్ 3 నిమిషాల 59.4 సెకన్లలో పరుగెత్తి ఆ గోడను పగలగొట్టాడట. అంతటితో అందరి మనసుల్లోని భయమూ పోయి, ఏడాది తిరక్కుండా డజన్ల కొద్దీ మనుషులు ఆ పని చేశారట.

తేదీ, సమయం నిజం. మిగతాదాన్ని పిల్లలు గళ్ళ కాగితం మీద తేల్చారు. మైలు పరుగు రికార్డు 1942లో 4 నిమిషాల 6.2 సెకన్లు. 1943లో 4:02.6, 1944లో 4:01.6, 1945లో 4:01.4. ఇవన్నీ గుండర్ హెగ్, ఆర్నే ఆండర్సన్ అనే ఇద్దరు స్వీడన్ దేశస్థులు ఒకరితో ఒకరు పోటీపడి దించినవి. యుద్ధకాలంలో వాళ్ళ దేశం యుద్ధంలో చేరలేదు గనక వాళ్ళ పందాలు ఆగలేదు. చుక్కలు కలిపితే కాగితం మీద గోడ కనిపించలేదు, దిగుతూ వస్తున్న మెట్లు కనిపించాయి. బానిస్టర్‌తోపాటు ఆస్ట్రేలియాలో జాన్ లాండీ, అమెరికాలో వెస్ శాంటీ అదే ప్రయత్నంలో ఉన్నారు. అసాధ్యమని నమ్మినవాడు ఎవడైనా రోజూ దాని కోసం సాధన చేస్తాడా? బానిస్టర్ వైద్య విద్యార్థి. పరుగెత్తేవాడి ఊపిరిని గురించి తానే ప్రయోగాలు చేసినవాడు. ఆయన తరవాత 46 రోజులకు లాండీ 3 నిమిషాల 58 సెకన్లలో పరుగెత్తాడు. మూడో మనిషి ఆ గీత దాటటానికి మరుసటి మే నెలాఖరు దాకా పట్టింది. ఏడాదిలో ఇద్దరంటే ఇద్దరే!

బ్యాంకు ఆయన ముఖం చిన్నబోయింది. కాని నా మట్టుకు నాకు, ఎగిరి గోడ దూకినవాడి కథకన్నా, గాలి వీస్తున్నా ఇద్దరు మిత్రులు ముందు పరుగెత్తి వేగం చూపిస్తుంటే లెక్క ప్రకారం అడుగులు వేసిన మనిషి కథే బాగుంటుంది.

బూట్ల గొడవ ఇంత పొడుగు లేదు. "బూట్లు దండుగ, అబెబె బికిలా ఉత్త కాళ్ళతో ఒలింపిక్స్ గెలిచాడు" అని ఒకరు రాశారు. ఇథియోపియా దేశస్థుడైన బికిలా 1960లో రోములో బూట్లు లేకుండా మారథాన్ గెలిచిన మాట నిజమే. కాలం 2 గంటల 15 నిమిషాల 16 సెకన్లు. అదే బికిలా 1964లో టోక్యోలో బూట్లు వేసుకుని 2 గంటల 12 నిమిషాల 11 సెకన్లలో గెలిచాడు. "అయితే బూట్లే మేలు!" అని ఇంకొకడు ఎగిరాడు. అదీ తేలదు. ఒక్క మనిషి నాలుగేళ్ళ ఎడంగా పరుగెత్తిన రెండు పరుగులతో ఎటూ రుజువు కాదు. మా మైదానంలో పల్లేరుకాయలు జాస్తి గనక, ఈ సమస్యను అవే తేలుస్తున్నాయి.

ఇక, నేను మరిచిపోలేని మాటను ఎనిమిదో తరగతి పిల్ల రాసింది. "ఆడపిల్ల దూరం పరుగెత్తితే లోపలి అవయవాలు దెబ్బతింటాయి." రాసి సుద్దముక్క అక్కడే పెట్టి దూరంగా కూచుంది. మూడు వేల మీటర్లు పరుగెత్తటంలో మా మైదానంలో ఆ పిల్లను మించిన పిల్ల లేదు. పది రోజుల్లో పందాలకు పేర్లు పంపాలి, ఇంటివాళ్ళ సంతకం కావాలి. ఆ పిల్లను పెంచుతున్న అమ్మమ్మ సంతకం చెయ్యనంది. కారణం ఇదే.

"జ్యోతి యర్రాజి మన విశాఖపట్నం అమ్మాయే గదా!" అన్నాడు ఒకడు. ఆమె 2022లో 100 మీటర్ల హర్డిల్స్ పందెాన్ని 13 సెకన్లలోపల ముగించిన మొదటి భారతీయురాలయింది. "అది దూరం పరుగు కాదు," అంది ఆ పిల్ల. న్యాయమైన మాట.

అప్పుడు నేను 1928 సంగతి చెప్పాను. ఆ ఏడు ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో మొట్టమొదటిసారి ఆడవారికి 800 మీటర్ల పందెం పెట్టారు. జర్మనీకి చెందిన లీనా రాడ్కె 2 నిమిషాల 16.8 సెకన్లలో గెలిచి ప్రపంచ రికార్డు నెలకొల్పింది. జపాన్ దేశపు కినుయే హితోమి రెండవది. చివరి పందెంలో పరుగెత్తినవారు తొమ్మిదిమంది. తొమ్మిదిమందీ చివరిదాకా పరుగెత్తారు. కాని కొన్ని పత్రికలు, పదకొండుమంది పరుగెత్తారనీ అయిదుగురు మధ్యలోనే కూలిపోయారనీ రాశాయి! గీత దాటాక ఒకరిద్దరు అలసటతో నేల మీద వాలి ఉండవచ్చు. 800 మీటర్లు ప్రాణం పెట్టి పరుగెత్తిన మగవాళ్ళూ వాలిపోతారు; వాళ్ళ పందెాన్ని ఎవరూ ఎత్తివెయ్యలేదు. ఆడవారిది ఎత్తివేశారు. 1960 దాకా ఒలింపిక్స్‌లో ఆడవారు ఒంటరిగా పరుగెత్తే పందాలలో 200 మీటర్లకు మించినది లేకపోయింది. లేని అయిదుగురు కూలిపోయిన కారణాన, ఉన్న ఎందరో ఆడపిల్లలు 32 ఏళ్ళు నష్టపోయారు.

1966లో బాబీ గిబ్ అనే ఆమె బోస్టన్ మారథాన్‌కు దరఖాస్తు పెడితే, ఆడవారి శరీరాలు అందుకు పనికిరావని జవాబు వచ్చింది. ఆమె పొదల్లో దాక్కుని, పందెం మొదలుకాగానే గుంపులో కలిసి, 3 గంటల 21 నిమిషాలలో మొత్తం దూరం పరుగెత్తింది. ఆ మరుసటి ఏడు కాథరిన్ స్విట్జర్ 261వ నంబరు కట్టుకుని పరుగెత్తుతుంటే, ఒక అధికారి ఆమె మీద పడి నంబరు లాగెయ్యబోయాడు. ఆమె ఆగలేదు. 1972లో ఆ పందెం ఆడవారికి తెరిచారు. 1984లో ఒలింపిక్స్‌లో ఆడవారి మారథాన్ మొదటిసారి జరిగినప్పుడు అమెరికాకు చెందిన జోన్ బెనాయిట్ 2 గంటల 24 నిమిషాల 52 సెకన్లలో గెలిచింది. పైన చెప్పిన హిక్స్ కన్నా ఇది గంటకు పైగా తక్కువ!

"ఇవన్నీ మా అమ్మమ్మకు చెబితే, ఆ దేశాలవాళ్ళు వేరు అంటుంది," అంది ఆ పిల్ల.

"అయితే అమ్మమ్మనే పిలుద్దాం," అంది నర్సమ్మ.

ఆ తరవాతి ఆదివారం ఆ ముసలమ్మ వచ్చింది. సముద్రం ఒడ్డు మనిషి, చేపలమ్మి పిల్లల్ని పెంచింది. గడ్డి మీద మా అందరితోపాటు కూచోబెట్టాం. ఎవరూ నవ్వకూడదన్న కట్టుబాటు ఆమెకూ వర్తిస్తుంది గనక పిల్లలు మర్యాదగానే అడిగారు.

"అమ్మమ్మా, ఈ మాట నీకెవరు చెప్పారు?"

"మా యమ్మ సెప్పింది. దానికి దాని తల్లి సెప్పింది."

"చిన్నప్పుడు నువ్వు ఏం పని చేసేదానివి?"

"ఏటుంది బాబూ! తెల్లారకుండా చేపల గంప నెత్తినెట్టుకుని బజారుకెళ్ళేవోళ్ళం. నాలుగైదు మైళ్ళుంటాది."

"నడిచి వెళ్ళేవాళ్ళా?"

"నడిస్తే ఎలాగ? ఎండెక్కితే చేప మెత్తబడిపోద్ది గదా! లగెత్తేవోళ్ళం."

పిల్లలు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. ఎన్నేళ్ళు అలా లగెత్తావని నర్సమ్మ అడిగింది. ఐదుగురు పిల్లలు పుట్టాక కూడా మానలేదని ఆమె చెప్పింది. చెబుతూ ఉండగానే తాను ఏమంటున్నదీ ఆమెకే వినిపించినట్టుంది. "అది పరుగేటి? అది బతుకుతెరువు," అంది కొంచెం కోపంగా.

"కాళ్ళకు ఆ తేడా తెలుస్తుందా అమ్మమ్మా?" అన్నాడు చీట్ల ప్రశ్న వేసిన కుర్రాడు.

ఆమె జవాబు చెప్పకుండా లేచి మనవరాలి చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయింది. మంగళవారం నాడు కాగితం మీద ఆమె వేలిముద్ర పడింది.

పందెంలో ఆ పిల్ల ఐదవది. బహుమతి రాలేదు. కాని తన మునుపటి కాలం కన్నా పదకొండు సెకన్లు ముందు వచ్చింది. ఇప్పుడు ముసలమ్మ అప్పుడప్పుడు మైదానం ఒడ్డుకు వచ్చి నిలబడి, "మొదట్లోనే లగెత్తాల! మెల్లగెళ్తే ఎలాగ?" అని కేకలేస్తుంది. ఆ మాటనూ పిల్లలు బల్ల మీద రాసి, చుట్టు చుట్టుకూ కాలం గుర్తుపెట్టి, మొదటి చుట్టు మరీ గట్టిగా పరుగెత్తినవాళ్ళు చివరి చుట్లలో ఎంత పోగొట్టుకుంటారో ఆమెకు లెక్కవేసి చూపించారు. ఆమె లెక్కను ఒప్పుకుంది గాని కేకలు మానలేదు.

ప్రస్తుతం బల్ల మీద ఉన్న మాట: "అన్నం తిని పరుగెత్తితేనే డొక్కలో పోటు వస్తుంది." ఈ పోటు మీకూ తెలిసే ఉంటుంది. దానికి కారణం ఇదీ అని శాస్త్రజ్ఞులు కూడా ఇంకా ఒక్క మాట మీదికి రాలేదు. ఊపిరి ఆడించే కండరానికి రక్తం చాలకనో, కడుపులోని అవయవాలను పట్టి ఉంచే బంధాలు లాగటం వల్లనో, పొట్ట లోపలి పలచని పొర రాపిడి వల్లనో అని రకరకాలుగా అనుకుంటున్నారు. మా పిల్లలు ఒక నోటుపుస్తకం పెట్టారు. పోటు వచ్చినవాళ్ళు ఏం తిన్నారు, తిని ఎంతసేపైంది, ఏ వైపున వచ్చింది, ఎంతసేపుంది అని అందులో రాస్తున్నారు. ఏమీ తినకుండా వచ్చినవాళ్ళ పేర్లు కూడా అందులో ఉన్నాయి. ఎక్కువమందికి కుడివైపే వస్తున్నట్టుంది. కుడివైపే ఎందుకో అని చిన్నపిల్ల ఒకతె రోజూ నన్ను వేధిస్తున్నది.